ఒక్కొక్కరికి ఒక్క వద్దు

పెళ్లయిన రెండో ఏడు మేమిద్దరం కూర్చుని ఒక కాగితం మీద ఒప్పందం రాసుకున్నాం. పొలం గురించి కాదు, ఇంటి గురించి కాదు. బైకు వెనక కట్టుకునే ఒక సంచిలో ఏమేం ఉండాలన్నదాని గురించి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, అప్పుడు మేమూ నవ్వుకున్నాం. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో చీరల కింద ఉంది.

నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయనది పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం. డాక్టరు కాదు. ఊళ్ల మీద తిరిగి సూదులు వేస్తాడు, ఈనలేక అవస్థ పడే గేదె దగ్గర చెయ్యి పెడతాడు. ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరకడం గగనం. శనివారం మధ్యాహ్నం బడి వదిలితే ఆదివారం పొద్దుగూకేదాకా నా టైము నాది. ఆయన టైము మాత్రం పశువుల చేతిలో ఉంటుంది. ఈ ఆదివారం ఫలానా చోటికి పోదాం అని అనుకున్నామంటే సరిగ్గా ఆ రోజే ఎక్కడో ఒక గేదెకు దూడ అడ్డం తిరిగేది. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాక ఫోను మోగడం మూడుసార్లు అయింది. ఇక ఎక్కడికీ అనుకుని పోకూడదు, అనుకోకుండా లేచి పోవాలి అని నిశ్చయించుకున్నాం. అనుకోకుండా పోవాలంటే సంచి ముందే సర్ది ఉండాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటిసారి సంచీ గించీ లేకుండానే సోమశిల వెనక నీళ్ల ఒడ్డుకు పోయాం. ఒక దుప్పటి, రొట్టెలు, నీళ్ల సీసా. తెల్లారి చూసుకుంటే నా కాళ్లూ చేతులూ దోమలు కుట్టి దద్దుర్లు తేలాయి. చీర కుచ్చిళ్లలో చీమలు. ఈ మనిషేమో మట్టిగడ్డ మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోయి లేచాడు.

"ఏందిమే, నిద్ర పట్టలేదా?" అన్నాడు.

నేను దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు కోపం వస్తే రెండే తెలుసు. ఒకటి మాట్లాడకపోవడం, రెండోది ఆగకుండా మాట్లాడడం. ఇంటికొచ్చాక రెండోది మొదలుపెట్టాను.

వాళ్లది సీతారామపురం పక్కన గొర్రెలు మేపే ఇల్లు. మా మామ కోతలయ్యాక మందను తోలుకుని పల్లపు ఊళ్లకు వచ్చేవాడట. రైతుల పొలాల్లో ఎరువు కోసం గొర్రెల్ని నిలిపి, ఆ గొర్రెల మధ్యే పడుకునేవాడు. నెలల తరబడి అట్లాగే. దాన్ని వాళ్లు మకాం అంటారు. మా ఆయన చిన్నప్పుడు సెలవులన్నీ ఆ మకాంలోనే గడిచాయి. మాది జలదంకి వైపు సేద్యం చేసే ఇల్లు. మా నాయన కూడా ఏటా మందను పిలిపించి పొలంలో పెట్టించేవాడు. నేను మిద్దె మీద నిలబడి, చేలో గొంగళ్లు పరుచుకుని పడుకునేవాళ్లను చూసి, వీళ్లెంత అదృష్టవంతులో, రోజూ చుక్కల కింద పడుకుంటారు అని కుళ్లుకునేదాన్ని. పెళ్లయ్యాక ఆ మాట చెబితే మా ఆయన తెగ నవ్వాడు.

"మీ మిద్దె మీద నుంచి చూస్తే అట్టనే కనపడతాదిలే. కింద పడుకున్నోణ్ణి అడగాల."

ఇక మా ఇద్దరి తగువు ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. నాకు కావలసింది టెంటు, గాలి దిండ్లు, చిన్న గ్యాసు పొయ్యి, చార్జింగు లైటు. ఆయనకు కావలసింది ఒక గొంగళి, ఒక చెంబు, ఒక అగ్గిపెట్టె.

"టెంటెందుకు? మా నాయన పుట్టినకాడి నుంచి టెంటే చూళ్లేదు."

"మీ నాయన మకాంకి పెళ్లాన్ని తీసకపోయినాడా?"

నెల రోజులు ఇదే వరస. చివరికి బడి నుంచి తెచ్చిన తెల్లకాగితం మీద పద్దు రాయడం మొదలుపెట్టాం. ఆయన ఒక వస్తువు చెప్పాలి, నేను ఒకటి చెప్పాలి. కింద ఒక షరతు రాశాను, నా చేతిరాతతోనే. ఒక్కొక్కరికి ఒక్క వద్దు ఉంటుంది. ఎవరైనా తమ వద్దును వాడుకుంటే ఆ వస్తువు సంచిలోకి రాదు. ఎందుకు వద్దు అని రెండోవాళ్లు అడగకూడదు. కారణాలు అడగడం మొదలుపెడితే నేనే గెలుస్తానని ఆయనకు భయం. నా నోటి సంగతి నాకూ తెలుసు కాబట్టి ఒప్పుకున్నాను.

నా వద్దును అప్పటికప్పుడే వాడేశాను. గొంగళి వద్దు అన్నాను. అది మామూలు గొంగళి కాదు. మా మామ చివరిదాకా కప్పుకున్న నల్ల గొంగళి, ఆయన పోయాక కొడుకు తెచ్చి దాచుకున్నది. ఎన్నిసార్లు ఎండబెట్టినా గొర్రె వాసన పోయేది కాదు. ఆ వాసనకు నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. మా ఆయన కారణం అడగలేదు. షరతు ప్రకారం అడగకూడదు కదా. గొంగళిని నాలుగు మడతలు పెట్టి, తర్వాతి వారం సీతారామపురం పోయినప్పుడు వాళ్లమ్మ దగ్గర పెట్టి వచ్చాడు. ఆ రోజు నేను గెలిచానని సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మిగతావన్నీ ఒక్కొక్కటిగా కుదిరాయి. పొయ్యికి ఆయన ఒప్పుకున్నాడు, గాలి దిండ్లు నేను వదులుకున్నాను. గొడవ లేకుండా కుదిరినవి చెంచాలే. స్టీలువైతే దారంతా గలగలమంటాయని ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసేవాళ్ల దగ్గర రెండు కొన్నాం. చెక్కేమనిషి వాటిని గుడ్డతో తుడుస్తూ, ఇద్దరికేనా అని అడిగాడు. ఇద్దరికే అన్నాం ఒకేసారి. టెంటు మాత్రం మిగిలింది. ఫోనులో చూస్తే ఇద్దరు పట్టేది ఉంది, ముగ్గురు పట్టేది ఉంది. ఇద్దరిది చాలనుకున్నాం. జీతాలు వచ్చాక తెప్పిద్దామని ఆగాం.

ఆ ఆగిన నెలలోనే నాకు నెల తప్పింది.

ఇంట్లోనే పరీక్ష చేసుకున్నాను. రెండు గీతలు వచ్చాయి. ఆయనతో చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం వింటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఉదయగిరి కొండ కింద మా ఆయన మేనమామకు ఒక చేను ఉంది. కొత్త టెంటు తెప్పించుకుని అక్కడికి పోవాలి, సాయంకాలం టెంటు వేశాక లోపల కూర్చోబెట్టి, ఇక్కడ ముగ్గురికి చోటుంది, ఆ మూడోవాళ్లెవరో చెప్పుకో చూద్దాం అని అడగాలి. లెక్కల టీచరు బుర్రకు తోచిన గొప్ప పొడుపుకథ అది. దాన్ని తలుచుకుని బడిలో బోర్డు మీద లెక్కలు రాస్తూ నాలో నేనే నవ్వుకునేదాన్ని. పిల్లలు నా వంక వింతగా చూసేవాళ్లు.

ఒక సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి పెరట్లో కొళాయి కింద మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటున్నాడు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

"టెంటు ముగ్గురిది తెప్పిద్దాం" అన్నాను మామూలుగా.

ఆయన చేతులు నీళ్ల కిందే ఆగిపోయాయి.

"వద్దు" అన్నాడు.

"ఎందుకు?"

"ఇద్దరిదే అనుకున్నాం గదా. అదే తెప్పించు."

"ఎందుకో చెప్పొచ్చు గదా. బరువా? ఒక కిలో ఎక్కువుంటాదేమో, అంతే."

"బరువని నేనన్నానా? వద్దన్నా. నా వద్దు వాడుకున్నా. కారణం అడగకూడదని రాసింది నువ్వే."

నాకు ఒళ్లు మండింది. అంత మురిపెంగా అల్లుకున్న పొడుపుకథ చేతిలో ఉంది, విప్పి చెప్పలేను. ఈ మనిషికి ఇంకొకరికి చోటు పెట్టడం ఇష్టం లేదా అని ఒక చెడ్డ ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచనను లోపలే పెట్టుకునే అలవాటు నాకు లేదు.

"వంద గొర్రెల మధ్య ఇరుక్కుని పడుకున్నోడివి. ఇంకొకరికి జానెడు చోటు పెట్టమంటే ఏడుస్తావేంది?"

ఆయన కొళాయి కట్టేసి నావైపు చూశాడు. కోపంగా కాదు. ఆ చూపులో ఏముందో ఆ పూట నాకు అర్థం కాలేదు.

"మే, ఈ ఒక్కదాంట్లో నా మాట విను" అన్నాడు.

వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారే, నేను అట్లాంటి మనిషిని. మర్నాడు బడిలో మధ్యాహ్నం అన్నాలప్పుడు ఫోనులో ముగ్గురి టెంటుకు ఆర్డరు పెట్టేశాను. ఒప్పందం రాసింది నేను, షరతు పెట్టింది నేను, తప్పింది కూడా నేనే.

పార్సిలు వచ్చిన రోజు ఇంట్లో ఆయనే ఉన్నాడు. సంతకం పెట్టి తీసుకున్నాడు. నేను బడి నుంచి వచ్చేసరికి అది అటక మీద ఉంది. టేపు కూడా విప్పలేదు. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచి ఆ ఊపులో నిజం చెప్పేసేదాన్ని.

పది రోజులు గడిచాయి. తొమ్మిదో తరగతికి లెక్క చెబుతూ ఉండగా నడుములో నొప్పి మొదలైంది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఇక లేవలేకపోయాను. తోటి టీచర్లు ఆయనకు ఫోను చేశారు. కారు మాట్లాడి నెల్లూరు తీసుకుపోతుంటే దారిలో చెప్పాను.

"నాకు నెల తప్పింది. నీకు చెప్పాలనుకున్నా. కొండ కాడ చెప్పాలనుకున్నా."

"ఊఁ" అన్నాడు. నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఎంత ఆశగా దాచుకున్న కబురు అది. కారు వెనక సీట్లో, తడిసిపోయిన చీరతో, ఏడుస్తూ చెప్పుకోవలసి వచ్చింది. అప్పటికే అంతా అయిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. డాక్టరమ్మ మంచి మనిషి. ఇది చాలామందికి జరుగుతుంది, ఎవరి వల్లా కాదు, మీరేం చేసినా ఆగేది కాదు అని రెండుసార్లు చెప్పింది. నేను తలూపాను. ఆ మాట విన్నది నా చెవులే, మనసు వినలేదు.

మూడో రోజుకు సీతారామపురం నుంచి మా అత్త వచ్చింది. వెల్లుల్లి కారం, పాత బియ్యం మూట కట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. నాకు పత్యం అన్నం కలిపి పెడుతూ పక్కన కూర్చుంది. నేను ఏడుస్తూ, అత్తా, మీకెవరికీ చెప్పకుండానే అంతా అయిపోయింది అన్నాను.

"నాకు తెలుసులేమ్మా. వాడు ఆ నెల్లోనే చెప్పినాడు" అంది.

నోట్లో ముద్ద మింగకుండానే అడిగాను.

"ఏమని చెప్పినాడు?"

"నీ నడక మారిందన్నాడు. పచ్చడి వాసనకి పళ్లెం పక్కకి నెట్టినావంట. గొర్రెల్లో పుట్టినోడికి ఒకరు చెప్పాల్నా? మంద ఆ గట్టున ఉంటే ఈ గట్టున నిలబడి ఏది చూడిదో చెప్పేస్తాడు. అమ్మా, ఆమె ఇంకా నాకే చెప్పలా, ఎవురితో అనొద్దు అన్నాడు. మా ఇళ్లల్లో అంతేగదమ్మా. ఈనకముందు పిల్లని లెక్కెయ్యం. మీ మామ అయితే ఇంకోటి రాబోతాందని నోటితో కూడా అనేవాడు కాదు. ముందుగా ఉయ్యాల కట్టం, గుడ్డ కుట్టం, చోటు పెట్టం."

చోటు పెట్టం. ఆయన వద్దన్నది టెంటును కాదు. నా కడుపులో ఉన్నదాన్ని కాపాడుకోవడానికి, తన దగ్గరున్న ఒకే ఒక్క వద్దును వాడుకున్నాడు. నేను దాన్ని పిసినారితనం అనుకున్నాను. ఇంకొకరికి చోటు పెట్టలేవా అని ఆ మనిషినే అడిగాను. అత్తకు ఇదేమీ తెలియదు. కన్నీళ్లు తుడిచి ఇంకో ముద్ద నోటికందించింది.

ఆ మధ్యాహ్నం అత్త నిద్రపోయాక ఆయన్ను అడిగాను.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలా?"

"నువ్వే చెప్తావని ఉండా. నువ్వు చెప్పే మొకం చూడాలని."

"టెంటు కొన్నందుకే పోయిందనుకుంటాండావా?"

"కడుపు పోయి ఈసుకపోయిన గొర్రెల్ని వందల్లో చూసినా. టెంటు కొన్నందుకు ఒక్కటి కూడా ఈసుకపోలా" అన్నాడు. నవ్వించాలని చూశాడు. నేను నవ్వలేదు.

"మరి వద్దని ఎందుకన్నావు?"

"భయం. నమ్మకపోతే భయం ఉండదా?"

"ఇప్పుడు చెప్పు. నా వల్లే అనుకుంటాండావా?"

"లేదు" అన్నాడు.

కానీ ఆ లేదు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. నేను లెక్కల మనిషిని. ఆ క్షణాన్ని పట్టుకున్నాను, వదల్లేదు. ఆ తర్వాత ఏడాదిన్నర మా ఇద్దరి మధ్యా ఉన్నది ఆ ఒక్క క్షణమే.

సంచి తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉండేది. చాప, పొయ్యి, లైటు, రెండు చెక్క చెంచాలు అన్నీ దానిలోనే ఉన్నాయి. పావుగంటలో బయల్దేరొచ్చు, కానీ ఎక్కడికీ పోలేదు. శనివారం మధ్యాహ్నం వచ్చేసరికి ఆయనకు ఏదో ఒక ఊళ్లో గేదె ఉండేది, నాకు దిద్దాల్సిన పేపర్లు ఉండేవి. గేదె లేదని నాకు తెలుసు, పేపర్లు లేవని ఆయనకు తెలుసు. అటక కింద నుంచి నడిచేటప్పుడు ఇద్దరం పైకి చూసేవాళ్లం కాదు. ఆ పార్సిలును ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ఆ మాట ముందు ఎవరు ఎత్తాలి? నా తప్పు పైనుంచి నన్ను చూస్తోందని నాకుండేది. ఆయనకేముండేదో చెప్పేవాడు కాదు.

నేను లెక్క మానలేకపోయాను. పుట్టి ఉంటే ఇప్పటికి మూడు నెలలు, ఇప్పటికి బోర్లా పడేది, ఇప్పటికి పళ్లు వచ్చేవి. బస్సులో పక్కన ఎవరి ఒళ్లోనైనా బిడ్డ ఉంటే నెలలు అడిగి నా లెక్కతో పోల్చుకునేదాన్ని. ఒకరోజు అన్నం తింటూ నోరు జారాను.

"ఈపాటికి ఆరు నెలలు నిండేవి."

ఆయన పళ్లెంలో చెయ్యి కడిగేసి లేచాడు.

"లెక్కెయ్యొద్దుమే."

నేను అప్పటిదాకా పట్టుకున్నదంతా తెగిపోయింది.

"పుట్టకముందు లెక్కెయ్యొద్దంటావు. పోయినాక లెక్కెయ్యొద్దంటావు. మరి దాన్ని ఎప్పుడు లెక్కేసేది? ఒక్క పూటన్నా లెక్కలోకి రాకుండా పోవాల్నా?"

ఆయన గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. తర్వాత బైకు తీసుకుని బయటికి పోయాడు. పొద్దుగూకాక వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎక్కడికి పోయావని నేను అడగలేదు. ఒకరి కన్నీళ్లు ఒకరం చూడకుండా ఒకే ఇంట్లో బతకడం ఎంత కష్టమో, అది నేర్చుకున్నవాళ్లకే తెలుస్తుంది.

దసరా సెలవుల్లో ఒకరోజు నేను ఒక్కదాన్నే బస్సెక్కి సీతారామపురం పోయాను. ఆ దారికి బస్సులు తక్కువ. పొద్దున పోయినదాన్ని చేరేసరికి మధ్యాహ్నమైంది. అత్తను గొంగళి అడిగాను. ఎందుకని ఆమె అడగలేదు, పెట్టెలో నుంచి తీసి ఇచ్చింది. వచ్చేదారిలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గొర్రె వాసన అట్లాగే ఉంది. ఈసారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఇంటికొచ్చి దాన్ని సంచి అడుగున పెట్టాను. బీరువాలోని కాగితం తీసి, నా వద్దును పెన్నుతో కొట్టేశాను. ఆయనతో ఏమీ చెప్పలేదు. చెప్పుకునే అలవాటు అప్పటికి పోయింది.

మాఘమాసంలో ఒక శనివారం. నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన నడవలో కింద కూర్చుని ఉన్నాడు. కరెంటు మీటరు పెట్టెలో ఏదో చూడడానికి లైటు కావలసి సంచి విప్పాడట. సంచి పక్కన పడి ఉంది. గొంగళి ఆయన మోకాళ్ల మీద ఉంది. నన్ను చూసి గొంగళిని నాలుగు మడతలు పెట్టి పక్కనుంచాడు. స్టూలు తెచ్చుకుని ఎక్కి, అటక మీద నుంచి పార్సిలు దించాడు. దుమ్ము తుడిచాడు.

"పోదామా?" అన్నాడు.

"ఏ గేదెన్నా ఫోను చేస్తే?"

"సోమవారం ఈనమందాం."

ఏడాదిన్నరలో ఆయన నన్ను నవ్వించడం అదే మొదటిసారి. నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. పావుగంటలో బయల్దేరాం. ఆ పావుగంట కోసమే కదా అంత ఒప్పందం రాసుకున్నది.

ఉదయగిరి చేరేసరికి ఎండ కొండ మీదికి ఎక్కుతోంది. మేనమామ చేలో కంది కొట్టేశారు, మోళ్లు మిగిలి ఉన్నాయి. మోళ్లు లేని చోటు చూసి టెంటు విప్పాం. దానితో వచ్చిన బొమ్మల కాగితాన్ని నేను తలకిందులుగా పట్టుకుని చదువుతుంటే, ఆయన దాన్ని చూడకుండానే కడ్డీలు బిగించాడు, రాయితో మేకులు దిగేశాడు. తాళ్లు కట్టడం వాళ్లకు ఒకరు నేర్పాలా? టెంటు లేచి నిలబడ్డాక ఇద్దరం దాన్ని చూస్తూ ఉండిపోయాం. చాలా పెద్దదిగా ఉంది. లోపలికి పోయి చెరొక పక్కన కూర్చున్నాం. మధ్యలో ఒక మనిషి పట్టే చోటు మిగిలింది. అక్కడికి జరగడానికి ఇద్దరికీ మనసు రాలేదు. ఆయన గొంగళి తీసి ఆ మధ్య చోటులో పరిచాడు. ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేశాడు.

నేను పొయ్యి ముట్టించడానికి బయటికొచ్చాను. మేకల్ని తోలుకుని ఇంటికి పోతున్న ఒక అవ్వ గట్టు మీద ఆగింది. పక్క చేను వాళ్లదట.

"ఎవురు నాయనా మీరు?"

ఆయన బయటికొచ్చి మేనమామ వరస చెప్పాడు. ఆమెకు సంతోషమైంది.

"మావాళ్లే అయితిరే. ఈ గుడ్డ ఇంట్లో పండుకుంటారా? మజ్జిగ తెచ్చిస్తా ఉండండి. ఎంతమంది ఉండారు?"

ఇద్దరం అవ్వా అనడానికి నేను నోరు తెరిచాను.

"ముగ్గురం అవ్వా" అన్నాడు ఆయన.

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. కొండ వైపు చూస్తున్నాడు. అవ్వ మేకలతో పోయింది. నేను పొయ్యి దగ్గర అట్లాగే కూర్చున్నాను, అగ్గిపుల్ల గీయడం కూడా మర్చిపోయాను. ఏడాదిన్నర కిందట ఒక క్షణం ఆలస్యంగా వచ్చిన లేదు అన్న మాట నాలో ఇంకా ఉంది. ఈ మాట ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు.

వెలుతురు ఉండగానే అవ్వ తిరిగొచ్చింది. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో మూడు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టి తెచ్చింది. గట్టు మీద వరసగా పెట్టి మూడూ నింపింది. తలెత్తి చుట్టూ చూసింది.

"మూడో మనిషి ఏరి?"

ఆయన గ్లాసుల వైపు తిరిగాడు. నేనే చెప్పాను.

"వచ్చి పోయింది అవ్వా."

ఆమె నా ముఖం చూసింది. టెంటు లోపల మధ్యలో పరిచిన గొంగళిని చూసింది. మూడో గ్లాసు తీసుకుని, వంగి, టెంటు లోపల గొంగళి పక్కన పెట్టింది. గ్లాసులు తెల్లారి ఇవ్వండి అని చెప్పి వెళ్లిపోయింది.

అప్పుడు ఏడ్చాడు మా ఆయన. నా ముందు ఏడవడం అదే మొదటిసారి. నేను ఆపలేదు. ఏడుపు అయ్యాక ముఖం తుడుచుకుని నన్ను అడిగాడు.

"ఇప్పటికి ఎన్ని నెలలు?"

చెప్పాను.